అక్క దుకాణమా, అక్కచెల్లెళ్ల దుకాణమా

పద్మారావు నగర్‌లోని ఒక ప్రైవేటు బడిలో రిటైరయ్యేదాకా ఇంగ్లీషు చెప్పాను. ఆరు నుంచి ఎనిమిది తరగతులు నావి. పై తరగతులు ఇవ్వమని ఎప్పుడూ అడగలేదు. పదో తరగతి టీచరుకు పేరొస్తుంది, ఏడో తరగతి టీచరుకు పని ఉంటుంది. నాకు పని నచ్చింది.

ఇప్పుడు కొత్తగా బళ్లలో చేరుతున్నవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పాఠం ఎలా చెప్పాలని అడగరు, క్లాసును అదుపులో ఎలా పెట్టాలని అడుగుతారు. రెండూ ఒకటేనని చెబితే మొహమాటానికి తలూపుతారు. అందుకే అన్ని పాఠాల గురించీ కాకుండా ఒక్క పాఠం గురించి రాస్తున్నాను. పుస్తకంలో అది రెండు పేజీలు కూడా ఉండదు. ఒక వస్తువు ఎవరిదో చెప్పడానికి ఇంగ్లీషులో మాట చివర పెట్టే చిన్న గుర్తు, అపాస్ట్రఫీ. పిల్లలు దాన్ని పైకామా అనేవారు. చాలామంది టీచర్లు ఒక పీరియడ్‌లో దాన్ని ముగించి ముందుకెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ పాఠం ఉద్యోగమంతా వెంట వచ్చింది, రిటైరయ్యాక కూడా ఒకసారి తలుపు తట్టింది.

పుస్తకం ఏం చెబుతుంది

ఏకవచనమైతే గుర్తు పెట్టి s రాయాలి, బహువచనమైతే s తర్వాత గుర్తు పెట్టాలి. girl's అంటే ఒక అమ్మాయిది, girls' అంటే చాలామంది అమ్మాయిలది. పుస్తకం ఇంతే చెబుతుంది. పిల్లలు దీన్ని తప్పు లేకుండా అప్పజెబుతారు. రాయమంటే మాత్రం s కనిపించిన చోటల్లా గుర్తు పెడతారు, అవసరమైన చోట మరిచిపోతారు. two brother's అని ఒకరు రాస్తారు. the dogs tail అని ఇంకొకరు రాస్తారు. బడి బయట కూడా ఇదే వరస. కూరగాయల కొట్టు మీద Tomato's అని ఉంటుంది, టిఫిన్ సెంటర్ గోడ మీద Dosa's అని ఉంటుంది. టమాటాది ఏమిటో, దోసెది ఏమిటో ఎవరూ అడగరు.

పిల్లలకు రూల్ తెలియక ఇలా జరగదు. ఇంగ్లీషులో s అనే అక్షరం రెండు పనులు చేస్తుంది. ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయని చెబుతుంది, ఎవరిదో కూడా చెబుతుంది. ఈ రెండు పనులను విడదీసి చూపించకుండా మనం నేరుగా గుర్తు దగ్గరికి వెళ్తాం. పొయ్యి వెలిగించకుండా పోపు వేసినట్టు ఉంటుంది.

చెవికి తెలియని తేడా

ఏడో తరగతిలో షబానా అనే అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న మస్తాన్‌కు బన్సీలాల్‌పేట్‌లో పరుపులు కుట్టే దుకాణం. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడేవారు. అర్థం కాకపోతే కూర్చోని పిల్ల షబానా. అర్థమైనా కూర్చునేది కాదు.

బోర్డు మీద girl's, girls' పక్కపక్కన రాసి తేడా చెబుతుంటే లేచి నిలబడింది.

"టీచర్, రెండు గూడ నోట్ల ఒక్కతీర్గనే పలుకుతం గద. వినేటోళ్లకు తేడానే తెల్వనప్పుడు రాసేటోళ్లకు ఎందుకీ తక్లీఫ్?"

క్లాసు నవ్వింది. "రేపు చెబుతాను, కూర్చో" అన్నాను. కొత్త టీచర్లకు ఒక మాట. రేపు చెబుతానని అనడానికి సిగ్గుపడనక్కరలేదు. ఆ రేపు నిజంగా వచ్చేలా చూసుకుంటే చాలు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆ రెండు మాటలనూ తెలుగులో అనుకుంటూ వెళ్లాను. అమ్మాయి చెప్పులు. అమ్మాయిల చెప్పులు. ఇంగ్లీషులో చెవికి తెలియని తేడా తెలుగులో స్పష్టంగా వినిపిస్తోంది. మన భాషలో ఆ పని చేసేది ఒక్క "ల".

మర్నాడు షబానానే లేపాను. "నిన్న నువ్వు అడిగింది సబబే. ఇంగ్లీషులో చెవికి తెలియదు. అందుకే కంటికి కనిపించేలా గుర్తు పెట్టుకున్నారు. ఇప్పుడు తెలుగులో చెప్పు. ఒక అమ్మాయి, ఒక బ్యాగు."

"అమ్మాయి బ్యాగు."

"నలుగురు అమ్మాయిలకు కలిపి ఒక బ్యాగు."

"అమ్మాయిల బ్యాగు." ఆ మాటను లోలోపల మళ్లీ పలికి చూసుకుంది. "ల వచ్చింది టీచర్."

"బజార్లో టమాటాలు తెచ్చాను అంటే?"

"లు వచ్చింది."

ఆ రోజు క్లాసు మొత్తం కలిసి ఒక సూత్రం చేసుకుంది. తెలుగులో చివర "లు" వినిపిస్తే అది లెక్క మాత్రమే, గుర్తు వద్దు. "ల" వినిపిస్తే చాలామందిది, s తర్వాత గుర్తు. రెండూ లేకుండా ఎవరిదో చెబుతుంటే ఒక్కరిది, s ముందు గుర్తు. "మరి పిల్ల బొమ్మ అన్నప్పుడు సుత ల ఉంది గద" అని షబానానే మళ్లీ లేచింది. "పిల్ల" అనే మాటలోని ల ఆ మాట సొంతదని, అదనంగా వచ్చి చేరిన ల సంగతే మనం మాట్లాడుతున్నామని చెప్పాక కూర్చుంది. అది కూడా పూర్తిగా ఒప్పుకొని కూర్చున్నట్టు లేదు.

గ్రేస్ మేడమ్

మా హెడ్‌మిస్ట్రెస్ గ్రేస్ మేడమ్‌కు ఒక నియమం ఉండేది. ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు మాట వినిపించకూడదు. క్లాసులు జరుగుతుండగా వరండాలో చప్పుడు లేకుండా నడవడం ఆమెకు అలవాటు. ఒకరోజు ఆమె మా తలుపు దగ్గరికి వచ్చేసరికి నా క్లాసంతా గొంతెత్తి "అక్క దుకాణం, అక్కచెల్లెళ్ల దుకాణం" అంటోంది. sister's shop, sisters' shop మధ్య తేడా అది, ఇక్కడ ల కాస్తా ళ్ల అయింది. ఆమె ఒక నిమిషం నిలబడి వెళ్లిపోయింది. పీరియడ్ అయ్యాక కబురొచ్చింది.

"రత్నమణిగారూ, వీళ్ల తల్లిదండ్రులు ఇంగ్లీషు కోసం ఫీజు కడుతున్నారు. తెలుగు వాళ్లకు ఇంట్లోనే వస్తుంది కదా."

"ఇంట్లో వచ్చింది కాబట్టే వాడుతున్నానండి. వాళ్లు రాసింది ఒకసారి చూడండి."

ఆమె పిల్లలు రాసిన పరీక్ష కాగితాలు తెప్పించుకొని అక్కడే చదవడం మొదలుపెట్టింది. ఎర్ర పెన్ను తీయలేదు. చాలాసేపటికి ఒక కాగితం నా వైపు తిప్పింది. అందులో childrens' అని ఉంది. మరో కాగితంలోనూ అదే.

"చూశారా? పిల్లల అనగానే ల వినిపించింది. s తర్వాత గుర్తు పెట్టేశారు. ఇక్కడ మీ తెలుగు మోసం చేసింది."

నిజమే. children అనే మాట s లేకుండానే బహువచనం. ఆ సంగతి నాకు తెలుసు. నా సూత్రానికి తెలియదు.

"ముందు ఆ వస్తువు ఎవరిదో ఆ పేరు పూర్తిగా రాయించండి" అంది గ్రేస్ మేడమ్. "ఒక్కరైతే boy, చాలామందైతే boys, పిల్లలైతే children. రాశాక ఆ మాట లోపల ఎవరూ వేలు పెట్టకూడదు. దాని పక్కనే గుర్తు. పేరు చివర బహువచనపు s ముందే ఉంటే అక్కడితో ఆగండి. లేకపోతే ఒక s చేర్చండి. అంతే."

boy's, boys', children's. మూడూ కుదిరాయి. తెలుగు చెవితో ఎవరిదో తేల్చడం, గ్రేస్ మేడమ్ పద్ధతిలో రాయడం. ఈ రెండూ కలిసిన పాఠాన్నే చివరిదాకా చెప్పాను. James లాంటి పేర్ల సంగతేమిటని అడిగితే, "James's అనీ రాస్తారు, James' అనీ రాస్తారు. ఏదో ఒకటి పట్టుకొని కాగితం చివరిదాకా అదే రాయమనండి" అంది.

లేవబోతూ అడిగాను, "మరి తెలుగు?"

ఆమె కాగితాలు సర్దుతూ చెప్పింది. "తలుపు వేసుకొని చెప్పండి. ఆ పీరియడ్‌లో నేను వరండాలో అవతలి వైపు నడుస్తాను."

ఆమె గురించి నా అభిప్రాయం దాచను. చదువు చెప్పడంలో ఆమె తెలివి చాలామందికి లేదు. తెలుగు పిల్లలు తెలుగులోనే ఆలోచిస్తారని ఆమెకు బాగా తెలుసు. ఆ మాట తల్లిదండ్రుల ముందు అనే ధైర్యం మాత్రం లేకపోయింది. ఇలాంటి పై అధికారితో పని చేయవచ్చు. ఆమె తర్వాత వచ్చినాయన చాలా మంచివాడు, దేనికీ అడ్డు చెప్పలేదు, పిల్లలు రాసిన కాగితం ఒక్కటీ చదవలేదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

ఇద్దరిదీ ఒకటైతే

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఇంకో మెట్టు ఉంటుంది. ఒక వస్తువు ఇద్దరిదైతే గుర్తు ఎక్కడ? ఇద్దరికీ కలిపి ఒకటే ఉంటే రెండో పేరుకు మాత్రమే గుర్తు పెడతాం. ఎవరిది వాళ్లకు వేరుగా ఉంటే రెండు పేర్లకూ పెడతాం.

అప్పటికి షబానా చెల్లెలు నస్రీన్ ఆరో తరగతిలో ఉంది. అక్క పది మాటలు మాట్లాడేచోట చెల్లెలు ఒకటి మాట్లాడేది. కుట్టుపని పీరియడ్‌లో మాత్రం ఆమె చుట్టూ పిల్లలు చేరేవారు. షబానా క్లాసులో ఉదాహరణకు వాళ్ల పేర్లే రాశాను. Shabana and Nasreen's room. ఒకే గది, ఒకే గుర్తు.

"దుప్పటి సుత ఒక్కటే టీచర్" అంది షబానా. "నడిజాముల మొత్తం నస్రీనే గుంజుకుంటది."

ఆ పాఠం ఆ క్లాసుకు ఇట్టే వచ్చేసింది. పిల్లలకు తెలిసిన మనుషుల మధ్య తెలిసిన వస్తువు పెట్టండి. జాన్ బల్ల, మేరీ గొడుగు ఎవరికీ గుర్తుండవు.

బోర్డు

ఇక్కడి నుంచి చెప్పేది బడి బయట జరిగింది.

మస్తాన్ ఏళ్ల తరబడి దూది దుమ్ములో కూర్చున్న మనిషి. దగ్గు ముదిరి దుకాణానికి రాలేని స్థితి వచ్చింది. అప్పటికి షబానా డిగ్రీ చివర్లో ఉంది. తండ్రి స్థానంలో తను కూర్చుంది. ఆయన పోయాక ఆ కూర్చోవడం శాశ్వతమైంది. కొన్నాళ్లకు నస్రీన్ కూడా చేరింది. పరుపులు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోతున్న రోజులవి. నస్రీన్ పాత చీరలు, రంగు ముక్కలు కలిపి బొంతలు కుట్టడం మొదలుపెట్టింది. వాటి ఫొటోలు చూసి ఎక్కడెక్కడి నుంచో ఆర్డర్లు వచ్చాయి. తండ్రి రాయించిన పాత తెలుగు బోర్డు తీసి, షబానా ఇంగ్లీషు బోర్డు పెట్టించింది.

అప్పటికి నేను రిటైరయ్యాను. ఒక మధ్యాహ్నం షబానా మా ఇంటికి వచ్చింది. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టకుండానే విషయం చెప్పింది.

"టీచర్, నస్రీన్ దుకాణంకు వస్తలేదు. వారమైంది. ఇంట్ల సుత మాట్లాడ్తలేదు. ఏందీ లొల్లి అని అడిగితే, బోర్డు జూడు అంటది. బోర్డుకేమైంది? మంచిగనే ఉంది."

ఫోన్లో ఫొటో చూపించింది. ఆకుపచ్చ మీద తెల్లటి అక్షరాలు. Sister's Quilts.

"ఈ బోర్డులో సిస్టర్ ఒక్కతే" అన్నాను.

"ఫ్లెక్స్ కొట్టినాయన పెట్టిండు టీచర్. వాళ్లకేం తెలుస్తది."

"ప్రింటు వేసే ముందు నీకు పంపలేదా?"

"పంపిండు."

"చూశావా?"

"చూసిన."

"గుర్తు కనిపించలేదా?"

షబానా ఫోను తీసుకొని ఒళ్లో బోర్లించి పెట్టుకుంది. "కనబడ్డది" అంది. "తప్పనిపియ్యలే."

నా క్లాసుల్లో ఆ గుర్తు గురించి షబానా అడిగినన్ని ప్రశ్నలు ఇంకెవరూ అడగలేదు. చూసుకోలేదు అని ఉంటే నమ్మేదాన్ని కాదు. ఆమె ఆ మాట అనలేదు కూడా.

తనే మళ్లీ మొదలుపెట్టింది. "నాయిన పోయినంక దుకాణం ఎవరు నిలబెట్టిన్రు టీచర్? పొద్దుగాల షట్టర్ తీసేది నేను. దూది బేరం నేను. గిరాకీతోని నోరు కొట్టుకునేది నేను. అది లోపల కూసొని కుడ్తది."

"జనం దేనికోసం వస్తున్నారు?"

"బొంతల కోసం."

ఆ మాట అన్నాక ఆమె నా వైపు చూడలేదు.

"దుకాణం ఎవరిదో నేను చెప్పను షబానా" అన్నాను. "వ్యాకరణం కూడా చెప్పదు. ఎవరిదో మీరిద్దరూ తేల్చుకుంటే ఎలా రాయాలో మాత్రం చెబుతుంది."

ఆమె సరేనని లేచింది. ఆ వారంలోనే కొత్త బోర్డు ఫొటో పంపింది. Sisters' Quilts. గుర్తు s దాటి అవతలికి వెళ్లింది. బోర్డు మారింది కదా, చెల్లెలు తిరిగి వస్తుందని ఆమె అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

నస్రీన్ రాలేదు. దుకాణానికి కాకుండా మా ఇంటికి వచ్చింది.

"బోర్డు మంచిగైంది టీచర్. అక్క మార్చినందుకు ఖుషీనే" అంది. బడిలో ఉన్నప్పుడు ఆమె నాతో ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడిన గుర్తు లేదు. "కాని బోర్డు మీద ఇద్దరం, దుకాణంల అక్క ఒక్కతే. గిరాకీ వచ్చి బొంత ఎవరు కుట్టిన్రంటే, మా పిల్ల లోపల కుడ్తది అంటది. నా పేరు సుత చెప్పదు. నాకు ముప్పై ఏండ్లొస్తున్నయి టీచర్."

"ఏం చేద్దామని?"

"యాప్రాల్‌ల కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నయి గద. ఆడ జెర చిన్న షట్టర్ చూసిన. Nasreen's అని పెడ్తున్న. n పక్కన పైకామా, దాని పక్కన s. సరిగుందా?"

"సరిగ్గా ఉంది. అక్కకు చెప్పావా?"

"లేదు."

"అక్క కూడా బోర్డు చూసి తెలుసుకుంటే ఎలా ఉంటుందో నీకు తెలుసు" అన్నాను. అంతకుమించి సలహా ఇవ్వలేదు.

ఆ రోజే చెప్పిందట. ఇంట్లో పెద్ద గొడవైందని వాళ్లమ్మ తర్వాత నాతో చెప్పింది. ఎవరి వైపూ మాట్లాడకుండా ఇద్దరికీ అన్నం పెట్టి కూర్చున్నానంది. తండ్రి దుకాణాన్ని ముక్కలు చేస్తున్నావని పెద్దది అందట. ముక్కలు కాదు, ఇంకోటి అని చిన్నది అందట. తర్వాత కొన్నాళ్లు ఒకే గదిలో ఒకరికొకరు వీపు తిప్పి పడుకున్నారట.

యాప్రాల్‌లో షట్టర్ తెరిచిన రోజు నేను వెళ్లాను. చిన్న గది, గోడ నిండా బొంతలు. వాళ్లమ్మ లడ్డూలు పంచుతోంది. షబానా రాదనే అందరూ అనుకున్నారు. జనం పలుచబడ్డాక వచ్చింది. రోడ్డు మీదే నిలబడి చాలాసేపు బోర్డు చూసింది. తర్వాత లోపలికి వచ్చి, దగ్గర్లో ఉన్న బొంత అంచు రెండు వేళ్లతో నొక్కి చూసింది.

"దూది ఎక్కడ తెచ్చినవ్?"

నస్రీన్ ఒక కొట్టు పేరు చెప్పింది.

"పాత దూది కలిపిండు. నాతోని తెప్పిచ్చుకో. ఒక్క బండిల రెండు దుకాణాలకు వస్తది."

"సరే అక్కా" అంది నస్రీన్.

వాళ్లమ్మ పెద్దదాని చేతిలో లడ్డూ పెట్టింది. షబానా తినేసి చేతులు దులుపుకొని, గిరాకీ చూసుకోవాలని వెళ్లిపోయింది. రాజీ అంటే ఏడుపులు, కౌగిలింతలు ఉంటాయనుకునేవాళ్లకు ఇది ఏమీ జరగనట్టే ఉంటుంది. నాకలా అనిపించలేదు.

కొన్ని నెలల తర్వాత దిండు కొనడానికి బన్సీలాల్‌పేట్ వెళ్లాను. బోర్డు అలాగే ఉంది, ఇద్దరి పేరు మీద. లోపలికి అడుగుపెడితే గల్లా దగ్గర కూర్చున్నది నస్రీన్. యాప్రాల్ షట్టర్‌కు సోమవారం సెలవట, ఆ రోజు ఇక్కడికి వస్తుందట. షబానా వెనక మిషన్ మీద దిండు గలీబులు కుడుతోంది. కుట్టు కొంచెం వంకరగా పోతోంది.

నాతోపాటే ఒకాయన లోపలికి వచ్చాడు. హోటల్‌కు ఎక్కువ బొంతలు కావాలన్నాడు. నస్రీన్‌ను ఒకసారి చూసి, దుకాణం లోపలికి తొంగిచూశాడు.

"ఓనర్ లేరా అమ్మా? రేటు మాట్లాడాలె."

నస్రీన్ అలవాటుగా వెనక్కి తిరిగింది. షబానా మిషన్ ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

"ఎదురుంగనే ఉంది గద" అంది. "నస్రీన్ అంటరు. ఆమెనే అడుగుండ్రి."